బ్యాటర్సీ నార్త్ (1918–1983): సక్లత్‌వాలా గెలుపోటములు, ఓట్ల లెక్కలు

పాతరికార్డు:

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉండిన బ్యాటర్సీ నార్త్ పార్లమెంటు నియోజకవర్గం గురించి ఈ చర్చ. 1918 పునర్విభజనలో పుట్టింది, 1983లో పోయింది. తెలుగులో దీని ప్రస్తావన వస్తే "జంషెట్‌జీ టాటా మేనల్లుడు షాపుర్జీ సక్లత్‌వాలా కమ్యూనిస్టుగా బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచాడు" అనే ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. ఆయన అక్కడ వరసగా ఐదు సార్వత్రిక ఎన్నికల్లో నిలబడ్డారు. గెలిచారు, ఓడారు, మళ్లీ గెలిచారు, ఆ తర్వాత రెండుసార్లూ మూడో స్థానమే. ఈ ఎగుడుదిగుళ్లకు కారణం ఏమిటో అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

1918 డిసెంబర్ 14: రిచర్డ్ మోరిస్ (లిబరల్) 11,231, షార్లట్ డెస్పార్డ్ (లేబర్) 5,634.

1922 నవంబర్ 15: సక్లత్‌వాలా (లేబర్) 11,311, హెన్రీ హాగ్‌బిన్ (నేషనల్ లిబరల్, అంటే లాయిడ్ జార్జ్ వెంట ఉన్న లిబరల్ వర్గం) 9,290, ఆల్బూ (లిబరల్) 1,756.

1923 డిసెంబర్ 6: హాగ్‌బిన్ (లిబరల్) 12,527; సక్లత్‌వాలా 12,341.

1924 అక్టోబర్ 29: సక్లత్‌వాలా (కమ్యూనిస్టు) 15,096, హాగ్‌బిన్ (కాన్‌స్టిట్యూషనలిస్టు, అంటే కన్సర్వేటివ్ మద్దతున్న లేబర్ వ్యతిరేకి) 14,554.

1929 మే 30: స్టీఫెన్ శాండర్స్ (లేబర్) 13,265, ఆర్థర్ మార్స్‌డెన్ (కన్సర్వేటివ్) 10,833, సక్లత్‌వాలా (కమ్యూనిస్టు) 6,554, బ్రోగన్ (లిబరల్) 2,756.

1931 అక్టోబర్ 27: మార్స్‌డెన్ (కన్సర్వేటివ్) 18,688, శాండర్స్ (లేబర్) 11,985, సక్లత్‌వాలా (కమ్యూనిస్టు) 3,021.

హాగ్‌బిన్ పక్కన ఉన్న పార్టీ పేరు మూడు ఎన్నికల్లో మూడు రకాలుగా మారింది, గమనించండి. మనిషి మాత్రం ఒక్కడే. పార్టీ పేర్లను బట్టి పట్టిక వేసుకుంటే ఈ సీటు అర్థం కాదు. "లేబర్ వైపు", "లేబర్ వ్యతిరేక వైపు" అని రెండు గంపగుత్త వరసలు పెట్టుకుని చూడాలి.

లెక్కలపుస్తకం:

పాతరికార్డు గారు చెప్పిన రెండు వరసలతోనే లెక్క వేశాను.

1922లో హాగ్‌బిన్, ఆల్బూ ఓట్లు కలిపితే 11,046. సక్లత్‌వాలాకు 11,311. అంటే ఎదుటి పక్షం ఒక్కటై నిలబడినా 265 ఓట్లతో ఆయనే గెలిచేవారు. "ఓట్లు చీలడం వల్ల గెలిచాడు" అని కొన్ని చోట్ల రాస్తున్నారు, అది నిలవదు. చెల్లిన ఓట్లలో ఆయన వాటా 50.6 శాతం.

1923లో పోలైన ఓట్లు 22,357 నుంచి 24,868కి పెరిగాయి, అంటే 2,511 ఎక్కువ. అందులో సక్లత్‌వాలా వైపు పెరిగినవి 1,030. ఎదుటి వైపు పెరిగినవి 1,481. తేడా 451. పాత ఆధిక్యం 265 అందులోంచి పోతే మిగిలింది 186. సరిగ్గా ఆ 186తోనే ఓడారు. ఓడిన ఏడాది కూడా ఆయన ఓట్లు తగ్గలేదు, పెరిగాయి. కొత్తగా పోలింగుకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది అటు వెళ్లారు, అంతే.

1924లో మరో 4,782 ఓట్లు పెరిగి మొత్తం 29,650 అయింది. సక్లత్‌వాలాకు 2,755 పెరిగితే హాగ్‌బిన్‌కు 2,027. తేడా 728. పాత లోటు 186 పూడ్చుకోగా మిగిలింది 542. అదే మెజారిటీ.

మూడు ఎన్నికల్లోనూ ఆయన వాటా 50.6, 49.6, 50.9 శాతం. ఊరు సగానికి సగంగా చీలి ఉంది. ఇలాంటి సీటులో సిద్ధాంతాల కంటే తలుపు తట్టి ఓటరును బూత్ దాకా తెచ్చే పని ఎవరు బాగా చేశారన్నదే ఫలితం తేలుస్తుంది.

కృష్ణలంక:

లెక్క బాగుంది మాస్టారూ. అయితే 1924 సంగతి తేలిగ్గా వదిలేయకండి. పోలింగుకు నాలుగు రోజుల ముందు, అక్టోబర్ 25న, డైలీ మెయిల్ పత్రిక జినోవియెవ్ ఉత్తరం అచ్చేసింది. మాస్కో నుంచి బ్రిటిష్ కమ్యూనిస్టులకు వచ్చిన ఆదేశం అని చెప్పిన ఆ కాగితం నకిలీ. కానీ దేశమంతా కలకలం. రామ్సే మెక్‌డొనాల్డ్ లేబర్ పార్టీ ఎన్నికల్లో ఓడింది, కన్సర్వేటివ్‌లు భారీగా గెలిచారు. దేశమంతా కమ్యూనిస్టు అనే మాటకే జంకుతున్న వారంలో, "కమ్యూనిస్టు" అనే పేరుతోనే నిలబడి, ఓడిన సీటును వెనక్కి తెచ్చుకున్నాడంటే వ్యక్తిగత పలుకుబడి కాక మరేమిటి? ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు ఇది.

పాతరికార్డు:

పలుకుబడి ఉంది, కాదనను. గొప్ప వక్త. కానీ 1924లో ఆయన మీద లేబర్ అభ్యర్థి లేడు. అసలు విషయం అక్కడుంది.

తేదీలు చూడండి. లేబర్ పార్టీ మహాసభ అక్టోబర్ 7 నుంచి 10 వరకు లండన్‌లో జరిగింది. కమ్యూనిస్టు పార్టీ సభ్యులెవరికీ లేబర్ టికెట్ ఇవ్వకూడదని అందులో తీర్మానించారు. మహాసభ నడుస్తుండగానే 8న పార్లమెంటులో ప్రభుత్వం ఓడిపోయింది, ఎన్నికలు వచ్చిపడ్డాయి. 29న పోలింగ్. మూడు వారాల వ్యవధి. బ్యాటర్సీలో స్థానిక లేబర్ పార్టీ, కార్మిక సంఘాల మండలి రెండూ ఒకే సంస్థ, అది మొత్తంగా సక్లత్‌వాలా వెంట ఉంది. దాన్ని కాదని పైనుంచి ఇంకో అభ్యర్థిని దింపడానికి సమయమూ లేదు, పనిచేసే మనుషులూ లేరు. అందుకని కాగితం మీద కమ్యూనిస్టు, క్షేత్రంలో లేబర్. మన భాషలో చెప్పాలంటే బీఫారం మారింది, క్యాడర్ మారలేదు.

1929కి అదంతా తలకిందులైంది. 1926లో లేబర్ జాతీయ కార్యవర్గం బ్యాటర్సీ సంస్థ గుర్తింపు రద్దు చేసి, కొత్త స్థానిక పార్టీ కట్టింది. పాత కార్యకర్తలు చాలామంది కొత్తదాంట్లోకి వెళ్లారు. అదే సమయంలో కమ్యూనిస్టులు కూడా "వర్గానికి వ్యతిరేకంగా వర్గం" అనే పంథా పట్టి, లేబర్‌ను కూడా శత్రువుగానే చూడడం మొదలుపెట్టారు. తెంచుకోవడం రెండు వైపుల నుంచీ జరిగింది.

థేమ్స్‌గట్టు:

ఇక్కడ జాన్ ఆర్చర్ పేరు తప్పక చెప్పాలి. 1913లో బ్యాటర్సీ మేయరుగా ఎన్నికైన నల్లజాతీయుడు, లివర్‌పూల్‌లో పుట్టినవాడు, లాచ్‌మియర్ వార్డు నుంచి 1906లో కౌన్సిలర్ అయినవాడు. సక్లత్‌వాలాకు ఎన్నికల ఏజెంటు ఈయనే. తర్వాత 1929లో శాండర్స్‌కు ఏజెంటు అయింది కూడా ఈయనే. అంటే సక్లత్‌వాలాను గెలిపించిన యంత్రాంగం నడిపిన మనిషే, ఐదేళ్ల తర్వాత ఆయన్ను ఓడించిన యంత్రాంగాన్నీ నడిపాడు. మాస్టారు లెక్కల్లో కనపడే పెద్ద మలుపుకు నాకు తెలిసిన అన్నిటికంటే బలమైన వివరణ ఇది.

ఏజెంటు అంటే మన దగ్గర బూత్‌లో కూర్చునే పోలింగ్ ఏజెంటు అనుకోవద్దు. 1883 అవినీతి నిరోధక ఎన్నికల చట్టం ప్రకారం అభ్యర్థి తరఫున ప్రతి పెన్నీ ఖర్చు ఏజెంటు చేతి మీదుగానే జరగాలి. ఫలితం వచ్చాక 35 రోజుల్లో లెక్కల పత్రం దాఖలు చేయాలి. 1918 ప్రజాప్రాతినిధ్య చట్టం పట్టణ నియోజకవర్గానికి పెట్టిన ఖర్చు పరిమితి ఓటరుకు 5 పెన్నీలు. ఆ లోపలే హాళ్ల అద్దె, అచ్చు, కమిటీ గదులు అన్నీ. అదే చట్టం ప్రతి అభ్యర్థికీ ఓటర్లందరికీ ఒక కరపత్రం తపాలా ఖర్చు లేకుండా పంపుకునే హక్కు ఇచ్చింది, పోలింగ్ అధికారుల ఖర్చు అభ్యర్థుల నెత్తిన వేయడం మానేసింది. గ్యాస్ వర్కులు, నైన్ ఎల్మ్స్ రైల్వే షెడ్లు, కొవ్వొత్తుల ఫ్యాక్టరీ కార్మికుల చందాలతో నడిచే సంస్థ పోటీలో నిలబడగలిగిందంటే ఈ మార్పుల పుణ్యమే.

కృష్ణలంక:

ఆ యంత్రాంగం రోజువారీ ఎలా నడిచేదో కూడా రాయండి. 186 ఓట్ల తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే అదే ముఖ్యం.

థేమ్స్‌గట్టు:

ముందు ఓటర్ల జాబితాను వీధుల వారీగా విడగొట్టి కార్డులు తయారుచేస్తారు. కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ప్రతి పేరు పక్కన మనవాడు, ఎదుటివాడు, అనుమానం అని గుర్తు పెడతారు. "అనుమానం" గుర్తు పడిన ఇళ్లకు మళ్లీ వెళ్తారు, ఈసారి కాస్త పెద్దమనిషిని వెంటబెట్టుకుని. పోలింగ్ రోజు ప్రతి కేంద్రం గుమ్మం బయట ఒక మనిషి నిలబడి, ఓటేసి వచ్చినవాళ్ల జాబితా నంబర్లు అడిగి రాసుకుంటాడు. ఆ చీటీలు గంటకోసారి కమిటీ గదికి చేరతాయి. అక్కడ గోడ మీదో బల్ల మీదో పరిచిన జాబితాలో ఆ నంబర్లు కొట్టేస్తారు. సాయంత్రానికి "మనవాడు" గుర్తు ఉండి, ఇంకా కొట్టివేయని పేర్లు మిగులుతాయి. చివరి గంటల్లో మనుషులు పరుగెత్తేది వాళ్ల ఇళ్లకే.

ఇందులో పాడయ్యేది ఎక్కడంటే, అద్దె ఇళ్ల దగ్గర. బ్యాటర్సీ నార్త్‌లో జనం తరచూ గదులు మారతారు. జాబితాలో పేరు పాత చిరునామాలో ఉంటుంది, మనిషి నాలుగు వీధుల అవతల ఉంటాడు. కొత్త చిరునామా పట్టుకోలేకపోతే ఆ ఓటు పోయినట్టే. 1918 చట్టం ఏడాదికి రెండు జాబితాలు పెట్టింది. వసంతకాలపు జాబితా ఏప్రిల్ 15న, శరత్కాలపుది అక్టోబర్ 15న అమల్లోకి వచ్చేవి. 1924 అక్టోబర్ 29 పోలింగ్ నాటికి జాబితా వాడకంలోకి వచ్చి రెండు వారాలే. 1926లో పొదుపు పేరుతో ఏడాదికి ఒకే జాబితా చేశారు. ఇల్లు మారే కార్మికుడికి, అంటే సరిగ్గా ఈ సీటులాంటి చోట్ల, అది నష్టం.

ఓరుగల్లు:

వార్డు వారీగా లేదా బూత్ వారీగా ఎవరికెన్ని వచ్చాయో ఎక్కడైనా దొరుకుతుందా? నైన్ ఎల్మ్స్‌లో సక్లత్‌వాలాకు ఎంత, లాచ్‌మియర్‌లో ఎంత అని తెలిస్తే ఆర్చర్ ప్రభావం నేరుగా చూడొచ్చు కదా.

థేమ్స్‌గట్టు:

దొరకదండీ. బ్రిటన్‌లో పెట్టెలు తెరిచి, ఒక్కో పెట్టెలో ఎన్ని బ్యాలెట్లు ఉన్నాయో సరిచూసుకున్నాక, అన్నిటినీ కలిపేసి అప్పుడు అభ్యర్థుల వారీగా లెక్కపెడతారు. ఏ వీధి ఎటు ఓటేసిందో బయటపడకూడదని ఆ పద్ధతి. మన దగ్గరిలా ఫారం 20లో బూత్ వారీ అంకెలు ఉండవు. "ఫలానా వార్డులో ఇన్ని ఓట్లు" అని బ్యాటర్సీ పార్లమెంటు ఎన్నిక గురించి ఎవరైనా రాస్తే నమ్మకండి. వార్డు స్థాయి అంకెలు బరో కౌన్సిల్ (స్థానిక పురపాలక) ఎన్నికలకు మాత్రమే ఉంటాయి. ఆ ఎన్నికల్లో అభ్యర్థులు వేరు, వచ్చే ఓటర్ల సంఖ్య చాలా తక్కువ, ఓటు హక్కు నియమాలూ వేరు. వాటిని తెచ్చి ఇక్కడ అతికిస్తే తప్పుదారి పడతాం.

లెక్కలపుస్తకం:

1929 గురించి నా లెక్క.

లేబర్, కమ్యూనిస్టు ఓట్లు కలిపితే 19,819. మొత్తం 33,408లో 59.3 శాతం. 1924లో ఆ పక్షానికి వచ్చింది 50.9 శాతమే. అంటే సక్లత్‌వాలా మూడో స్థానానికి పడిపోయిన ఎన్నికలోనే బ్యాటర్సీ నార్త్ మునుపెన్నడూ లేనంతగా ఎడమవైపు మొగ్గింది. ఊరు ఆయన్ను వదిలేసిందనడం కంటే, లేబర్ గుర్తు ఎక్కడుంటే ఊరు అక్కడికి వెళ్లిందనడం సరైనది.

అయితే 6,554 చిన్న సంఖ్య కాదు. 19.6 శాతం. పార్టీ యంత్రాంగం మొత్తం ఎదురు నిలిచినా ప్రతి ఐదుగురిలో ఒకరు ఆయనకే వేశారు. ఆ ఏడాది కమ్యూనిస్టు పార్టీ 25 చోట్ల పోటీచేసి ఎక్కడా గెలవలేదు. కృష్ణలంక గారు చెప్పిన వ్యక్తిగత పలుకుబడికి ఒక కొలత కావాలంటే ఈ అంకె తీసుకోవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. సక్లత్‌వాలాకు తగ్గిన 8,542 ఓట్లు నేరుగా శాండర్స్‌కు వెళ్లాయని రాయకూడదు. 1928 చట్టంతో 21 ఏళ్లు నిండిన స్త్రీలందరికీ ఓటు వచ్చింది. దేశం మొత్తం మీద ఓటర్లు సుమారు 2.17 కోట్ల నుంచి 2.88 కోట్లకు పెరిగారు, పోలైన ఓట్లు మూడో వంతుకు పైగా పెరిగాయి. ఇక్కడ పెరిగింది 3,758, అంటే ఎనిమిదో వంతు మాత్రమే. కొత్త స్త్రీ ఓటర్లు వేల సంఖ్యలో చేరినా మొత్తం అంత తక్కువగా పెరిగిందంటే, 1924లో వేసిన కొందరు ఈసారి ఇంట్లో ఉండిపోయి ఉండాలి, లేదా ఊరు విడిచి ఉండాలి. ఎవరు ఎటు మారారో ఈ మొత్తాల్లోంచి తేల్చలేం.

ఓరుగల్లు:

1931లో చీలిక వల్లనే లేబర్ ఓడిందా?

లెక్కలపుస్తకం:

కాదండీ. 11,985కు 3,021 కలిపితే 15,006. మార్స్‌డెన్‌కు 18,688. కలిసి నిలబడినా 3,682 ఓట్ల తేడాతో ఓడేవారు. ఆ ఎన్నికలో దేశమంతటా జాతీయ ప్రభుత్వం (కన్సర్వేటివ్‌లు ప్రధానంగా ఉన్న కూటమి) గాలి వీచింది, లేబర్‌కు 52 సీట్లే మిగిలాయి. మార్స్‌డెన్ వాటా 55.5 శాతం. ఆ ఏడాది ఈ సీటులో స్థానిక కారణాలు వెతకడం వృథా.

చట్టంచదివే:

డిపాజిట్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. 1918 చట్టం 150 పౌండ్ల డిపాజిట్ పెట్టింది. చెల్లిన ఓట్లలో ఎనిమిదో వంతు దాటకపోతే అది గల్లంతు. మన దేశంలో ఆరో వంతు. 1985లో బ్రిటన్ 500 పౌండ్లకు పెంచి, హద్దును 5 శాతానికి దించింది.

1929లో ఎనిమిదో వంతు అంటే 4,176 ఓట్లు. సక్లత్‌వాలా దాటారు, లిబరల్ బ్రోగన్ దాటలేదు. 1931లో హద్దు 4,211 పైచిలుకు. సక్లత్‌వాలాకు 3,021, అంటే 9 శాతం. డిపాజిట్ పోయింది. 150 పౌండ్లంటే ఆనాటి కూలీకి ఏడాది సంపాదన దాటే మొత్తం. అన్ని సీట్లలో పోటీచేసే చిన్న పార్టీకి ఈ నిబంధనే పెద్ద దెబ్బ.

జైలు సంగతి కూడా. 1926 మే 1న హైడ్ పార్కులో చేసిన ప్రసంగానికి సక్లత్‌వాలాను అరెస్టు చేశారు. మంచి నడవడికకు పూచీకత్తు ఇవ్వమంటే ఇవ్వనన్నారు, రెండు నెలలు వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైల్లో ఉన్నారు. సభ్యత్వం మాత్రం పోలేదు. అప్పటి 1870 చట్టం ప్రకారం రాజద్రోహం లేదా ఘోరనేరం కింద శిక్ష పడి, అది కఠిన శిక్ష గానీ 12 నెలలు దాటిన శిక్ష గానీ అయితేనే అనర్హత. "జైలుకెళ్లి సీటు పోగొట్టుకున్నాడు" అని అక్కడక్కడ కనిపించే వాక్యం తప్పు. 1929 దాకా ఆయనే సభ్యుడు.

కృష్ణలంక:

1918 గురించి రెండు మాటలు. స్త్రీలు పార్లమెంటుకు పోటీచేయవచ్చనే చట్టం ఆ ఏడాది నవంబర్ 21న వచ్చింది. పోలింగ్ డిసెంబర్ 14న. ఆ మూడు వారాల్లోనే దేశం మొత్తం మీద 17 మంది స్త్రీలు బరిలో దిగారు. వాళ్లలో షార్లట్ డెస్పార్డ్ ఒకరు. వయసు 74. స్త్రీల ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు, యుద్ధ వ్యతిరేకి, నైన్ ఎల్మ్స్ పేదల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినావిడ. ఆమె తమ్ముడు జాన్ ఫ్రెంచ్ యుద్ధం మొదట్లో బ్రిటిష్ సేనాధిపతి. యుద్ధం గెలిచిన నెల రోజులకే శాంతి మాట్లాడి 5,634 ఓట్లు, మూడో వంతు తెచ్చుకున్నారంటే, నాలుగేళ్ల తర్వాత సక్లత్‌వాలా గెలుపుకు పునాది అక్కడే పడింది. సక్లత్‌వాలాను 1921లో అభ్యర్థిగా ఎంచుకున్నది ఆమె కోసం పనిచేసిన ఆ సంస్థే.

పాతరికార్డు:

నిజం. ఆ పునాది ఇంకాస్త వెనక్కి కూడా వెళ్తుంది. 1918కి ముందు బ్యాటర్సీ పేరుతో ఒకే సీటు. 1892 నుంచి 1918 దాకా అక్కడ జాన్ బర్న్స్. ఇంజనీరింగ్ కార్మికుడు, కేబినెట్ మంత్రి అయిన తొలి కార్మికుడు, 1914లో యుద్ధానికి ఒప్పుకోక రాజీనామా చేశాడు. ఇన్నేళ్లపాటు లిబరల్ మద్దతున్న కార్మిక నాయకుణ్ణి గెలిపించిన ఊరు కావడం వల్లే 1922 నుంచి 1924 దాకా ఇక్కడ కన్సర్వేటివ్‌లు సొంత అభ్యర్థిని పెట్టకుండా లిబరల్ హాగ్‌బిన్ వెనుక నిలబడ్డారు. 1918లో విడగొట్టినప్పుడు నది వైపు ఫ్యాక్టరీలు, రైల్వే వాడలు నార్త్‌లోకి, క్లాఫమ్ కామన్ వైపు మధ్యతరగతి ఇళ్లు సౌత్‌లోకి వెళ్లాయి. విడదీయకుండా ఉంటే సక్లత్‌వాలా గెలిచేవారా అన్నది న్యాయమైన ప్రశ్న. నా అంచనా, గెలిచేవారు కాదు.

ఓరుగల్లు:

1931 తర్వాత కథ?

పాతరికార్డు:

పోటీ పరంగా అంత రసవత్తరం కాదు, క్లుప్తంగా చెప్తా. 1935లో శాండర్స్ తిరిగి గెలిచారు. ఫేబియన్ సొసైటీ (సోషలిస్టు మేధావుల సంఘం) కార్యదర్శిగా చేసిన మనిషి. ఆరోగ్యం బాగాలేక 1940లో తప్పుకున్నారు. ఏప్రిల్ 17న ఉప ఎన్నిక. యుద్ధకాలం కాబట్టి పెద్ద పార్టీలు ఒకరి సీటులో ఒకరు పోటీ పెట్టుకోకూడదని ఒప్పందం. లేబర్ అభ్యర్థి ఫ్రాన్సిస్ డగ్లస్‌కు 9,947, యుద్ధ వ్యతిరేక అభ్యర్థికి 791. 92.6 శాతం అనే అంకె చూసి లేబర్ ప్రభంజనం అనుకోవద్దు. ఇలాంటి ఒప్పందపు ఎన్నికలను మిగతావాటితో కలిపి సగటు కట్టకూడదు.

డగ్లస్ 1946లో మాల్టా గవర్నరుగా వెళ్లారు. ఆ జూలైలో ఉప ఎన్నికలో డగ్లస్ జే గెలిచి, 1983లో సీటు రద్దయ్యేవరకు 37 ఏళ్లు ఆయనే. 1964 నుంచి 1967 వరకు వాణిజ్య మంత్రి. యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో చేరడాన్ని చివరిదాకా వ్యతిరేకించిన లేబర్ నాయకుల్లో ఒకరు. ఇద్దరు డగ్లస్‌లు వరసగా రావడం వల్ల జాబితాల్లో ఒకరి ఏళ్లు ఇంకొకరికి పడుతున్నాయి. మొదటివారికి అది ఇంటిపేరు, రెండోవారికి సొంత పేరు.

చట్టంచదివే:

రద్దు ఎందుకయ్యిందంటే జనం తగ్గడం వల్ల. 1901లో బ్యాటర్సీ జనాభా 1.6 లక్షలు దాటింది. తర్వాత బాంబుదాడులు, పాత వాడల కూల్చివేత, ఫ్యాక్టరీల మూసివేత. 1983 పునర్విభజనలో లండన్ సీట్లు 92 నుంచి 84కి తగ్గాయి. నార్త్, సౌత్ కలిపి ఒకే బ్యాటర్సీ అయింది. ఆ కొత్త సీటును మొదట గెలిచింది ఆల్ఫ్ డబ్స్, అంతకుముందు బ్యాటర్సీ సౌత్ సభ్యుడు. 1987లో ఆయన కన్సర్వేటివ్ జాన్ బోయిస్ చేతిలో ఓడారు.

మన హనుమకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ, తెనాలి లోక్‌సభ సీట్లు 2008 పునర్విభజనలో పోయినట్టే ఇదీ. పాత సీటు ఓట్లను కొత్త సీటు ఓట్లతో నేరుగా పోల్చకూడదన్న నియమం రెండు చోట్లా ఒకటే. 1979 నార్త్ అంకెను 1983 బ్యాటర్సీ అంకె పక్కన పెట్టి "లేబర్ ఇంత పడిపోయింది" అని రాయడం నేను తరచూ చూసే తప్పు.

ఓరుగల్లు:

ఇంకో సందేహం. సక్లత్‌వాలా తొలి భారతీయ ఎంపీ అని ఒక పత్రికలో చదివాను.

పాతరికార్డు:

మూడోవారు. దాదాభాయి నౌరోజీ 1892లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి లిబరల్‌గా, మంచెర్జీ భావ్‌నగరీ 1895లో బెత్నల్ గ్రీన్ నార్త్ ఈస్ట్ నుంచి కన్సర్వేటివ్‌గా, సక్లత్‌వాలా 1922లో. ముగ్గురూ బొంబాయి పార్సీలు, మూడూ లండన్ సీట్లు, మూడు సీట్లూ ఇప్పుడు లేవు. నౌరోజీ మెజారిటీ ఒక పుస్తకంలో 5 అని, మరొకదాంట్లో 3 అని ఉంటుంది. ఏది వాడినా ఆ వ్యత్యాసం ఉందని పక్కన రాయండి.

కృష్ణలంక:

ఆ రోజుల్లో భారతీయుడు అక్కడ ఎలా నిలబడగలిగాడని కూడా చాలామంది అడుగుతారు.

చట్టంచదివే:

సామ్రాజ్యంలో ఎక్కడ పుట్టినా బ్రిటిష్ ప్రజ కిందే లెక్క. బొంబాయిలో పుట్టినా, బర్మింగ్‌హామ్‌లో పుట్టినా చట్టం దృష్టిలో తేడా లేదు. ఆ సూత్రపు ఛాయ ఇప్పటికీ మిగిలి ఉంది. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తూ ఉంటే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. అంటే భారత పాస్‌పోర్టుతో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లకూ ఆ హక్కు ఉంది. చాలామందికి తెలియక వదిలేస్తున్నారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇచ్చి ఆన్‌లైన్లో నమోదు చేసుకోవాలి. పోలింగుకు 12 పనిదినాల ముందు గడువు ముగుస్తుంది. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేసుకోవాలి, పాత నమోదు వెంట రాదు. ఇప్పుడు పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు కూడా చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. పోటీ చేయడానికైతే శాశ్వత నివాస అనుమతి ఉండాలి.

లెక్కలపుస్తకం:

వికీ పేజీ సరిచేసేవాళ్లకు ఒక సూచన. పై పట్టికలో 1922 దగ్గర సక్లత్‌వాలా పేరు పక్కన "లేబర్" అనే ఉంచండి. పార్టీ సభ్యత్వం కమ్యూనిస్టుది, టికెట్ లేబర్‌ది. 1923లోనూ స్థానిక లేబర్ సంస్థ నిలబెట్టిన అభ్యర్థే. 1924 నుంచి "కమ్యూనిస్టు". 1924ను వివరణ లేకుండా ఉత్త కమ్యూనిస్టు రంగులో పెడితే 1929లో కమ్యూనిస్టు ఓటు 31.3 శాతం పాయింట్లు పడిపోయినట్టు, లేబర్ శూన్యంలోంచి 39.7 శాతానికి ఎగబాకినట్టు కనపడుతుంది. 1924 వరసకు "స్థానిక లేబర్ మద్దతుతో, లేబర్ అధికారిక అభ్యర్థి లేరు" అని అధోసూచిక తప్పనిసరి.

థేమ్స్‌గట్టు:

1924, 1929 వరసల దగ్గర ఏజెంటు పేరు కూడా చేర్చండి మాస్టారూ. రెండు చోట్లా జాన్ ఆర్చర్.